జోలనీళ్ళలో చెయ్యి

పుష్యమి కార్తె, చివరి రోజు

మందుగది చిట్టా ఈ ఏడు నేనే రాయాలని సత్యానందం గారు పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్ళారు. పడమటి లంకలో పొలాల పెత్తనం ఆయనది.

"ఏ పూట ఎంత మందు కాచేవో, ఏ వరసల్లో చల్లించేవో, మచ్చలు పెరిగేయో తగ్గేయో రాసి పెట్టమ్మా వీరవేణీ. కోతలయ్యేక లంకల ఉమ్మడి కచేరీకి పంపాలి."

"ఎవరైనా చదువుతారా అండి?"

"చదవరమ్మా. ఎన్ని కాగితాలున్నాయో చూస్తారు."

కాబట్టి కాగితాలకు లోటు రానివ్వను. చదివేవాళ్ళు లేరంటే రాసేవాళ్ళకు భయం ఉండదు.

ఇవాళ రాయాల్సింది ఇది. మా లంకలో నీళ్ళ మీద తేలే తెప్పమళ్ళలో, ఏడో వరసలో, అగ్గి తెగులు కనబడింది. ఆకుల మీద నూలుకండెల్లాంటి మచ్చలు, నడుమ బూడిద రంగు, అంచున ఇటుక రంగు. మధ్యాహ్నానికల్లా మాకూ తూర్పు లంకకూ మధ్యనున్న పాయలో ఎర్ర బెండ్లు వరసగా తేలేసి గీత గీసేశారు. గీత పడ్డాక అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. బట్టల్లోనూ జుట్టులోనూ బూజు పొడి దాక్కుని వస్తుందని భయం. మా మందుగది నుంచి వెళ్ళే డబ్బాలను మాత్రం సున్నపు నీళ్ళతో కడిగి, మనిషి లేని తాడు పడవలో అవతలికి లాక్కుంటారు.

నా మొగుడు దొరబాబు గీతకు అవతల ఉన్నాడు. తూర్పు లంకలో తెప్పలు విడిపోతుంటే కుట్టడానికి మొన్న వెళ్ళాడు. రెండ్రోజుల పని అన్నాడు. మార్చుకోవడానికి ఒకటే లుంగీ పట్టుకెళ్ళాడు.

ఒక కార్తె నిండా రెండు లంకల్లోనూ కొత్త మచ్చ పుట్టకపోతే గీత తీసేస్తారు. వరి ఈనే వేళకు ఎక్కడైనా తెగులు మిగిలి ఉంటే అది కంకి మెడలోకి ఎక్కుతుంది, మెడవిరుపు అంటాం. అప్పుడిక వచ్చే ఏడు మళ్ళీ విత్తనాలు చల్లేదాకా గీత కదలదు. వరి ఈనేది ఉత్తర కార్తెలో. ఆలోగా మా పొలం బాగుపడితే నా మొగుడు ఇంటికి వస్తాడు, లేకపోతే ఏడాదిదాకా రాడు. మందు కాచేది నేను. ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు రాదు.

ఆశ్లేష కార్తె, మూడో రోజు

జోలనీళ్ళు కాచాను. కాచడం అంటాం గానీ పొయ్యి లేదు, మంట లేదు. తొట్లలో కంటికి కనబడని జీవులకు బెల్లం నీళ్ళు పోసి పెంచుతాం. మేం ఎలా చెబితే అలా అవి సన్నని తీగను అల్లుతాయి. అగ్గి తెగులు బూజు ఆకు మీద వాలగానే ఒక మేకు తయారుచేసుకుని ఆకులోకి దిగ్గొడుతుంది. ఆ మేకు చేసే విద్య దాని జన్యువుల్లో ఒకచోట రాసి ఉంటుంది. మా తీగ సరిగ్గా ఆ రాతకే జత. బూజు దాన్ని పీల్చుకుందంటే ఆ ఒక్క జన్యువు నిద్రపోతుంది. బూజు చావదు, ఆకు మీద ఊరికే కూర్చుని ఎండిపోతుంది. నిద్రపుచ్చే నీళ్ళు కాబట్టి జోలనీళ్ళు. వెనకటి రోజుల్లో ఘాటు మందులు కొట్టేవాళ్ళట. మాకవి చెల్లవు. తెప్పమడి కింద ఉన్నది మేం తాగే నీళ్ళు, మా చేపలు, వాటికింకా కింద మునిగిపోయిన ఊళ్ళు.

మందుగదిలోకి వెళ్ళాలంటే గ్లౌజులు, మూతికి గుడ్డ, జుట్టుకు గుడ్డ. మా దొరబాబు బావ దీన్ని "నీ మడి" అని వెక్కిరిస్తాడు. వెక్కిరించేవాడు లేక గదంతా బోసిగా ఉంది.

తొట్లు దాటి మందు రేవుకు చేరాక పెత్తనం నాది కాదు, బుల్లెమ్మత్తయ్యది. దొరబాబుకు మేనత్త. తల్లి పోయిన పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచి నాకిచ్చిన మనిషి. ఆమె చెయ్యి మంచిదని లంకంతా నమ్ముతుంది. ఆమె చల్లిన విత్తనం మొలవకపోవడం ఎవరూ చూడలేదు. పురుడు పోయాలన్నా, పొయ్యి పెట్టాలన్నా, కొత్త తెప్ప నీళ్ళలోకి దించాలన్నా ముందు ఆమె చెయ్యి పడాలి. మందు కూడా అంతే. రేవులో ఇత్తడి గంగాళంలో జోలనీళ్ళు పోస్తారు. అత్తయ్య గాజులు పైకి తోసి, మోచేతిదాకా ముంచి, మూడు చుట్లు తిప్పుతుంది. అందరం చేతులు కట్టుకుని నిలబడతాం. పొద్దుటిపూట చెయ్యి పడ్డ మందును నీడన ఉంచి, గాలి పడిపోయాక సాయంత్రం చల్లుతారు.

"ఏవే, మీ ఆయన లేడన్న దిగుల్లో బెల్లం తక్కువేసేవా? నీళ్ళు చప్పగా ఉన్నాయి" అంది ఇవాళ తిప్పుతూ.

"నాలిక పెట్టకుండానే తెలిసిందా అత్తయ్యా?"

"చేతికి తెలుస్తాదే. నీకేం తెలుసు."

చీకటి పడుతుండగా రేవు మైకులో బావతో మాట్లాడాను. రెండు లంకలకూ కలిపి మైకు తీగ ఒకటే. ఒకరు మాట్లాడితే అన్ని ఇళ్ళ బాకాల్లోనూ వినబడుతుంది. అందుకని మొగుడూ పెళ్ళాలం మచ్చల గురించి మాట్లాడుకున్నాం.

"మీకెలా ఉన్నాయి మచ్చలు?" అన్నాడు.

"ఇంకా తగ్గలేదు బావా. మీకు?"

"ఇక్కడ రెండు మళ్ళలో కనబడ్డాయి. నువ్వంపిన మందు కొట్టేం. తిన్నావా?"

తిన్నాను అన్నాను. తినలేదు. ఆయన గొంతులో జలుబు ఉంది. అది బాకాలో అడగలేకపోయాను.

ఆశ్లేష కార్తె, చివరి రోజు

తూర్పు లంకలో మచ్చలు ఎండిపోయాయి. మా లంకలో ఏడో వరస నుంచి పదకొండో వరసకు పాకాయి. మందు ఒకటే, తొట్టి ఒకటే, కాచిన చెయ్యి ఒకటే. వాళ్ళకు పనిచేసి మాకు ఎందుకు చెయ్యదు?

బూజు వేషం మార్చుకుందేమోనని రెండు లంకల మచ్చల నుంచీ దాని జన్యువుల రాత చదివించాను. తూర్పు లంకవాళ్ళు వాళ్ళ ఆకును మరగబెట్టి చంపి, సీసాలో మూసి పంపారు. రెండు రాతలూ అక్షరం తేడా లేకుండా ఒకటే. మళ్ళీ కాచాను. ఈసారి చిక్కగా కాచాను. అత్తయ్య చెయ్యి పెట్టింది, చల్లారు, వాన కూడా పడలేదు. నాలుగు రోజులాగి చూస్తే మచ్చల మీద మచ్చలు.

రేవులో ఆడవాళ్ళు నన్ను చూసి గుసగుసలు మానేశారు. అంతకుముందు రోజు మానలేదు, నాకు వినబడ్డాయి. ధ్యాసంతా మొగుడి మీద పెట్టుకుంటే మందేం కుదురుతుంది అంటున్నారు. ధ్యాస మొగుడి మీద ఉన్నమాట నిజమే. కానీ ఆ మొగుడు రావాలంటే మందు కుదరాలి, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

ఆయన తలగడ వేసుకుని పడుకుంటున్నాను. తారూ జనపనారా కలిసిన వాసన. రోజు రోజుకూ తగ్గిపోతోంది. అందుకని ఇవాళ దాన్ని సంచీలో పెట్టి మూతి కట్టేశాను.

మఘ కార్తె, అయిదో రోజు

దొరికింది. దొరికినందుకు ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు.

మందుగదిలో మూడు పళ్ళేల్లో నారు పెట్టి మూడింటికీ తెగులు అంటించాను. ఒకదానికి తొట్టి మందు చల్లాను. ఒకదానికి తూర్పు లంకకు పంపే డబ్బాలోది. మూడోదానికి సాయంత్రం చల్లాక గంగాళంలో అడుగున మిగిలింది తెచ్చి చల్లాను. మొదటి రెండు పళ్ళేలూ పచ్చగా ఉన్నాయి. మూడోది మాడిపోయింది.

తొట్టికీ గంగాళం అడుక్కీ మధ్య జరిగేది ఒక్కటే.

తీగకు మనిషి చెమట పడదని నాకు పని నేర్పిన మొదటి రోజే చెప్పారు. చర్మం మీద ఉండే ఒక పదార్థం ఆ తీగను తుంచి తుంచి పోగులు పెడుతుంది. గ్లౌజులు అందుకే. గదిలో ఒక వెంట్రుక రాలితే తొట్టి మొత్తం పారబోసిన రోజులున్నాయి. అదే నేను రేవులో చేతులు కట్టుకుని నిలబడి, అత్తయ్య మోచేతిదాకా ముంచి తిప్పుతుంటే భక్తిగా చూశాను. ఆ పైన పూటంతా నీడన ఉంచడం ఒకటి, తీగ నిమ్మళంగా తెగడానికి. పోయినేళ్ళలో తెగులు రాలేదు కాబట్టి మందు పనిచేస్తోందో లేదో ఎవరికీ తెలియలేదు. తూర్పు లంకలో చెయ్యి మంచి మనిషి ఎవరూ లేరు. డబ్బా మూత తీసి నేరుగా కొట్టేస్తారు. వాళ్ళను చూసి మేం జాలిపడేవాళ్ళం.

గదిలో చదువుకున్నది గది గుమ్మం దగ్గరే వదిలేశాను. అత్తయ్య చేతిని నేను చెమట పట్టే చెయ్యిగా ఎప్పుడూ అనుకోలేదు. ఎవరూ అనుకోలేదు.

మఘ కార్తె, ఆరో రోజు

అత్తయ్యకు చెప్పాను. ఆమె గుమ్మంలో కూర్చుని చేపల వల బాగుచేస్తోంది. మాడిన పళ్ళెం పక్కన పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె వల పక్కకు పెట్టి కుడి చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది.

"నా చేతిలో విషం ఉందంటావు."

"మీ చేతిలోనే కాదండి. నా చేతిలోనూ ఉంది, సత్యానందం గారి చేతిలోనూ ఉంది. అందరి చెమటా అంతే."

ఓదార్పు అనుకుని అన్నాను. ఆమె ముఖం అప్పుడు వాడిపోయింది.

"అందరి చెయ్యీ నా చెయ్యీ ఒకటేనన్నమాట" అంది.

విషం ఉందన్నా ఆమె తట్టుకునేది. అందరి చెయ్యిలాంటిదే అనడం తట్టుకోలేకపోయింది.

"అందరికీ చెప్పేస్తావా?"

"చెప్పనండి. మీరు ఎప్పట్లాగే చెయ్యి పెట్టండి. గంగాళంలో ఉత్త నీళ్ళు పోస్తాను. మందు ఈసారి గాఢంగా ఉంది, చెయ్యి పడ్డ నీళ్ళు ముందు మడి అంచున చిలకరించి, డబ్బా మందు తర్వాత కొట్టాలి అంటాను. ఎవరికీ అనుమానం రాదు."

"ఉత్త నీళ్ళు తిప్పమంటావు. ఊరందరి ముందూ."

"బావ రావాలి అత్తయ్యా."

ఆ మాట అనడం ధర్మం కాదని తెలుసు. ఆమె నోరు మూయించే మాట నాకు అదొక్కటే తెలుసు. వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, "పిల్లాడు సన్నబడ్డాడేమో" అంది. అదే ఒప్పుకోవడం.

పుబ్బ కార్తె, నాలుగో రోజు

కొత్త మచ్చ లేదు. పాతవి అంచుల నుంచి ఎండుతున్నాయి. పదకొండు వరసలూ నడిచి చూశాను, తెప్ప అంచున కాలు జారి మోకాలిదాకా తడిశాను, అయినా నవ్వుకుంటూనే వచ్చాను.

లంకంతా అత్తయ్య పేరే. నేను చెప్పిన రోజు నుంచి ఆవిడ సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఉపవాసం పట్టింది కాబట్టే మందు పట్టిందని జనం తేల్చేశారు. నిన్న గంగాళంలో ఉత్త నీళ్ళు తిప్పుతుంటే ఇద్దరు ముసలమ్మలు దణ్ణం పెట్టారు. అత్తయ్య తల ఎత్తలేదు. అది కూడా భక్తేననుకున్నారు.

రాత్రి సత్యానందం గారు మైకులో తూర్పు లంకకు చెప్పారు. "మందుదేముందండి, మీరు కొట్టేదే మేమూ కొట్టేం. మా బుల్లెమ్మ గారు నిష్ఠగా చెయ్యి పెట్టేక చూడండి, మచ్చ మాయం. చేతి చలవండి అదంతా." నేను పక్కనే ఉన్నాను. విని నవ్వి ఊరుకున్నాను. ఆవిడ పరువు నిలబడింది, పొలం నిలబడింది, ఇంకేం కావాలి?

తర్వాత బావ గొంతు.

"ఉత్తర కార్తె వెళ్ళేలోగా గీత తీసేత్తారంట కదా. ఏ చీర కట్టుకుని వస్తావు రేవులోకి?"

"బాకాలు వింటున్నాయి బావా."

"విననీ. పడవలోంచి గుర్తుపట్టాలి కదా."

రెండు లంకల్లోనూ ఎవరో ఈల వేశారు. ఆకుపచ్చది అన్నాను. అలా అన్నాక ఇంటికి నడుస్తుంటే నా ఒళ్ళు నాది కానంత తేలికైపోయింది. ఆయన చెయ్యి నా వీపు మీద వెయ్యాలి. అంతే కావాలి నాకు. మాటలు తర్వాత.

ఉత్తర కార్తె, రెండో రోజు

తూర్పు లంకలో మచ్చలు.

రెండు మూడు కాదు, నాలుగు వరసలు. పోయిన వారం దాకా అక్కడ ఒక్కటి లేదు. సత్యానందం గారు మైకు పట్టుకుని ఎప్పుడు చల్లేరు, ఎంత చల్లేరు అని అడుగుతుంటే బావే వచ్చి నవ్వుతూ చెప్పాడు.

"వీళ్ళు నన్ను పట్టుకున్నారండి. బుల్లెమ్మ గారి మేనల్లుడివి, చేతుల్లో పెరిగినవాడివి, ఆ చలవ నీకూ కొంత అబ్బి ఉంటాది, చెయ్యి పెట్టమన్నారు. వద్దంటే ఊరుకోలేదు. రెండు సార్లు పెట్టేను. వేణీ, నువ్వు చూస్తే నవ్వేదానివి, మోచేతిదాకా ముంచి మూడు చుట్లు."

నేను రేవు మెట్టు మీద కూలబడ్డాను. సత్యానందం గారు ఏమ్మా, ఏమైంది అంటున్నారు. ఎండ తగిలిందన్నాను.

నేను ఒక ముసలామె పరువు కోసం చెప్పిన అబద్ధం పాయ దాటి వెళ్ళి, నా మొగుడి చెయ్యి పట్టుకుని మందులో ముంచింది.

బావకు రహస్యంగా చెబుదామంటే దారి లేదు, ఉన్నది బాకాలు. తాడు పడవలో చీటీ పెట్టి చెయ్యి పెట్టకు అంటే ఆయన మానేస్తాడు, వాళ్ళు ఇంకొకరి చేత పెట్టిస్తారు. కారణం చెప్పాలి. కారణం అత్తయ్య చెయ్యి. అక్కడ వరి పొట్ట మీద ఉంది, వారం తిరిగితే ఈనుతుంది.

అత్తయ్యకు చెప్పాను. తలుపు వేసుకుంది.

ఉత్తర కార్తె, మూడో రోజు

పొద్దున్నే నేను రేవుకు వెళ్ళేసరికి అత్తయ్య మైకు ముందు కూర్చుని ఉంది. ఆమెకు మైకు వాడటం రాదు. సత్యానందం గారి చేత మీట నొక్కించుకుని, ఆయన్ని దూరంగా నిలబడమంది. నేను దగ్గరకు వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"తూర్పు లంకవాళ్ళకి బుల్లెమ్మ మాట. మా వాళ్ళు కూడా వినండి. మందులో నా చెయ్యి పడితే మందు చచ్చిపోతంది. మా పొలంలో మచ్చలు నా చేతి వల్లే పెరిగేయి. మా కోడలు కనిపెట్టింది. నా పరువు పోతాదని నాచేత ఉత్త నీళ్ళు తిప్పించింది. మీరంతా దణ్ణం పెట్టింది ఉత్త నీళ్ళకి. దానికి మచ్చలు తగ్గలేదు, డబ్బా మందుకి తగ్గేయి. నా చేతిలో ఏ చలవా లేదు. అందరి చెయ్యీ ఎలాంటిదో నాదీ అలాంటిదే. ఒరేయ్ దొరబాబూ, మందులో చెయ్యి పెట్టకురా. ఎవర్నీ పెట్టనివ్వకు. మూత తీసి కొట్టెయ్యండి."

తర్వాత తూర్పు లంక నుంచి ఎవరో పెద్దాయన "అలాగేనమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

అత్తయ్య లేచి, మా అందరి మధ్య నుంచి ఇంటికి నడిచి వెళ్ళింది. ఎవరూ ఎప్పట్లా పక్కకు తప్పుకుని దారి ఇవ్వలేదు, ఆమే తప్పుకుంటూ వెళ్ళింది. ఆ మాటలు నేను చెప్పాల్సినవి. నిన్ననే చెప్పాల్సినవి.

హస్త కార్తె, మొదటి రోజు

తూర్పు లంకలో డబ్బా మందు నేరుగా కొట్టాక కొత్త మచ్చలు ఆగాయి. వాళ్ళ పొలంలో సగం పైగా దక్కింది. అత్తయ్య ఒక్క వారం ఊరుకుని ఉంటే మొత్తం పోయేదని సత్యానందం గారే అన్నారు.

కానీ మూడు వరసల్లో కంకులు మెడ దగ్గర నల్లబడి విరిగి వేలాడుతున్నాయి. మెడవిరుపు. ఆ తెప్పలను తాళ్ళు కోసి దూరంగా లాగి తగలబెట్టారు. పొగ మాకు కనబడింది. మా పొలం శుభ్రంగా ఉంది, మా వరి చక్కగా ఈనింది. అయినా గీత వచ్చే ఏడు విత్తనాలు చల్లేదాకా ఉంటుందని ఉమ్మడి కచేరీ నుంచి కబురు. ఇక మనిషీ సరుకూ అటు నుంచి ఇటు ఏదీ రాకూడదు. ఇటు నుంచి అటు సరుకు మాత్రం వెళ్ళవచ్చు, మనిషి వెళ్ళకూడదు.

బావ మైకులో "విన్నావా?" అన్నాడు.

"విన్నాను."

"సరేలే. వీళ్ళ తెప్పలు నిజంగానే బాగా పాతబడ్డాయి. చాలా పని ఉంది."

ఆయన లుంగీలు మూడు, చలికాలం దుప్పటి, తాడు పడవలో పంపాను. ఆకుపచ్చ చీర పెట్టె అడుక్కు తోసేశాను. రాయడానికి ఇంకేం లేదు. ఉంది గానీ రాస్తే కచేరీవాళ్ళు పొరపాటున చదువుతారేమోనని భయంగా ఉంది.

విశాఖ కార్తె, మూడో రోజు

కోతలు మొదలయ్యాయి. తొలి వరి పన కొయ్యడానికి ఈసారి అత్తయ్యను ఎవరూ పిలవలేదు. వద్దని కాదు, ఎలా పిలవాలో తెలియక. ఆమె ఈ మధ్య ఏదీ ముట్టుకోవడం లేదు. పసిపిల్లలను ఎత్తుకోదు, పాలు తోడుపెట్టదు. కూర గరిటెతో వడ్డిస్తుంది, మంచినీళ్ళ చెంబు పైట కొంగుతో పట్టుకుంటుంది.

కొత్త బియ్యం వండాను. తాడు పడవలో బావకు పంపుదామని గిన్నె తీస్తుంటే అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వాడు అన్నం తనే కలుపుకుంటే సరిగా తినడే. చిన్నప్పట్నుంచీ అంతే. కలిపి పెడితే తింటాడు."

"మీరు కలపండి."

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. మెల్లగా అడిగింది. "అన్నానికి చెయ్యి తగిలితే ఏం కాదు కదా?"

ఈ మూడు నెలల్లో నేను ఆపుకున్నదంతా ఆ మాటకు వచ్చేసింది. ఏం కాదు అత్తయ్యా, ఏం కాదు అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాను. గరుకుగా, వెచ్చగా ఉంది. మందు నీళ్ళలో తిప్పడం ఎన్నోసార్లు చూశాను గానీ ఆ చెయ్యి నేను పట్టుకోవడం అదే మొదలు.

కూర్చుని కలిపింది. చింతకాయ పచ్చడి, నెయ్యి. పెద్ద ముద్ద చేసి అరిటాకులో పెట్టింది. నన్నూ ఒకటి చెయ్యమంది. నేను గ్లౌజులు లేని చేత్తో ఒక ముద్ద చేశాను, ఆమెదాని కంటే చిన్నది, వంకరగా వచ్చింది. రెండూ కలిపి కట్టి పంపాం.

చీకటిపడ్డాక ఇద్దరం రేవుకు వెళ్ళి మైకు ముందు కూర్చున్నాం.

"అందిందిరా?" అంది అత్తయ్య.

"అందింది అత్తా. ఉప్పు తక్కువేసేవు."

"నోరు కట్టుకుని తిను." ఆమె నవ్వింది. మఘ కార్తె నుంచి ఆమె నవ్వడం నేను వినలేదు. "రెండూ తిన్నావా?"

"నీది తిన్నాను."

నేను మైకు దగ్గరకు జరిగాను.

"నాది బాగోలేదా బావా?"

"తిన్లేదు. వంకరగా ఉంది కదా, నీదని తెలిసిపోయింది. దాని మీద నీ వేళ్ళ గుర్తులున్నాయి. ఉంచుకున్నాను."

"బూజు పడుతుంది బావా."

"పట్టనీ" అన్నాడు.

రెండు లంకల్లోనూ అందరి బాకాల్లోనూ అది వినబడింది. ఎవరూ ఈల వెయ్యలేదు.